పిన్ను తీయని కవరు

నా చిన్నప్పుడు మా నాయనమ్మ ఇంట్లో దేనికీ పట్టుబట్టేది కాదు. కూరలో ఉప్పు ఎక్కువైనా మాట్లాడేది కాదు, మంచం ఏ గదిలో వేస్తే ఆ గదిలో పడుకునేది. ఒక్క మందుల దగ్గర మాత్రం ఎవరి మాటా వినేది కాదు. అవి ఉయ్యూరు బస్టాండు ఎదురుగా ఉన్న కొట్లోనే కొనాలి.

ఆ కొట్టాయన మందు ఇచ్చేముందు మూడు ప్రశ్నలు అడిగేవాడు. ఎవరికి? ఇంకేం మందులు వాడుతున్నారు? ఇదివరకు ఏదైనా పడలేదా? ఆ వరస ఎప్పుడూ మారేది కాదు, తలనొప్పి బిళ్లకైనా సరే. "బిళ్ల అడిగితే పెళ్లిచూపుల్లో లాగా ఇన్ని ప్రశ్నలేంటండీ" అని మా నాన్నే ఒకసారి విసుక్కున్నాడు. నాయనమ్మకు చదువు రాదు. అందుకని ఆయన కత్తెరతో స్ట్రిప్పు అంచున గాట్లు పెట్టి ఇచ్చేవాడు, పొద్దుటిదానికి ఒకటి, రాత్రిదానికి రెండు. నేను పుట్టకముందు ఏదో బిళ్ల వేసుకుంటే ఆవిడ పెదాలు పొక్కాయట. ఆ మందు పేరు మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఆయనకు గుర్తుంది. అంతకంటే ఇంకేం కావాలని ఆవిడ అనుకునేది.

నాకు పదేళ్లప్పుడు ఆవిడకు మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చి పది రోజులైనా తగ్గలేదు. నాన్న విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. బడికి సెలవు కావడంతో నేనూ వెళ్లాను. డాక్టరు గారు రెండు నిమిషాలు చూసి చీటీ రాశారు. ఆ చీటీ మా చేతికి రాలేదు. నర్సు చేతికి వెళ్లింది, అక్కణ్ణుంచి కింద వాళ్ల సొంత మందుల షాపుకి వెళ్లింది.

"చీటీ నాకియ్యమ్మా, మా ఊళ్లో కొనుక్కుంటా" అంది నాయనమ్మ.

"బయట కొంటే మాకు బాధ్యత లేదండీ. కింద కొని, పైకి తెచ్చి చూపించండి. చెక్ చేసి పంపిస్తాం" అంది నర్సు.

"కొన్ని బిళ్లలు నా ఒంటికి పడవు తల్లీ. పేరు నాకు తెలీదు. మా కొట్టాయనకి తెలుసు."

"అయితే కొట్టాయన్నే నాడి చూడమనకపోయారా మామ్మగారూ!"

బెంచీల మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. నాన్న ముఖం ఎర్రబడింది. ఆయన నాయనమ్మ చెవి దగ్గరకు వంగి, "ఊరుకోమ్మా. డాక్టరు గారికి కోపమొస్తే రేపు మళ్లీ ఎవరు చూస్తారు? వాళ్లు చెక్ చేస్తామంటున్నారుగా" అన్నాడు. నాన్న కిందికి వెళ్లి మందులు తెచ్చి నర్సు బల్ల మీద పెట్టాడు.

కాగితం కవరు. పైన షాపు పేరు, మూతికి స్టేప్లర్ పిన్ను. నర్సు కవరును ఇటు తిప్పి పేరు చూసింది. "ఆఁ, మన షాపుదే. వెళ్లిరండి" అంది. పిన్ను తీయలేదు. లోపల ఏముందో చూడలేదు. నా కళ్లు సరిగ్గా ఆ బల్ల ఎత్తులో ఉన్నాయి. ఆవిడ చెక్ చేసింది మందులను కాదు, మేం ఎక్కడ కొన్నామో.

బస్సెక్కాక నాన్నతో చెప్పాను, "ఆవిడ పిన్ను తియ్యలేదు నాన్నా" అని. "పెద్దాళ్ల సంగతి నీకెందుకురా" అన్నాడు. చెరకు ట్రాక్టర్ల వెనక బస్సు నెమ్మదిగా పోతోంది.

ఉయ్యూరులో దిగగానే నాయనమ్మ అలవాటు కొద్దీ రోడ్డు దాటబోయింది. ఆ కొట్టాయనకు చూపించి వేసుకుంటానంది. నాన్న చెయ్యి పట్టుకుని ఆపేశాడు. "వేరే చోట కొనుక్కొచ్చి, ఇవి మంచివో కావో చెప్పమని ఆయన్నడుగుతామా? ఏమనుకుంటాడు? రేపు ఆయన ముఖం ఎట్లా చూస్తాం?" అన్నాడు. ఆ మాట నాయనమ్మకూ సబబుగానే తోచింది. మా వైపు ఇది పెద్ద మర్యాద. ఒక కొట్లో కొన్న బట్టను ఇంకో కొట్టు ముందు నుంచి తీసుకెళ్లేటప్పుడు సంచీలో దాచుకుంటాం. ఆ రోజు మేం మందులకు కూడా అంతే చేశాం. ఆయన కంటబడకుండా బస్టాండు వెనక సందులోంచి ఇంటికి వెళ్లాం. జ్వరంతో ఉన్న మనిషి ఆ చుట్టూదారంతా నడిచింది.

మూడో రోజు పొద్దునకి ఆవిడ పెదాలు వాచిపోయాయి. నోరంతా పుండ్లు, ఒంటి మీద ఎర్రటి మచ్చలు, కళ్లు తెరుచుకోవడం లేదు. అప్పుడు ఎవరూ చెప్పకుండానే నేను స్ట్రిప్పు పట్టుకుని బస్టాండుకి పరిగెత్తాను. కొట్టాయన భూతద్దం పెట్టి పేరు కింద చిన్న అక్షరాలు చదివాడు. "సల్ఫా! పిన్నిగారికి పడని మందే ఇది. ఎవరిచ్చార్రా?" అని కొట్టు అలా తెరిచే వదిలేసి నాతో వచ్చేశాడు. కారు మాట్లాడింది ఆయనే, విజయవాడ పెద్దాసుపత్రిలో చేర్పించింది కూడా ఆయనే.

ఆవిడ బతికింది. చూపు మాత్రం మసకబారిపోయింది. తర్వాత ఎవరు దగ్గరికొచ్చినా గొంతు వినేదాకా పోల్చుకోలేకపోయేది. నాన్న ఆ ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లి అడిగితే, "పడని మందులుంటే ముందే చెప్పాలి కదండీ" అన్నారట. చెప్పింది. నేను విన్నాను. బెంచీల మీదివాళ్లందరూ విని నవ్వారు కూడా.

కొట్టాయన పెద్దాసుపత్రికి చూడ్డానికి వచ్చినప్పుడు నేను మంచం పక్కనే ఉన్నాను. ఆయన, "తప్పు నాది పిన్నిగారూ. ఆ మందు పేరు నేను గుర్తుపెట్టుకున్నాను గానీ, కాగితం మీద రాసి మీ కొంగుకి కట్టలేదు" అన్నాడు.

"నీదేం తప్పు నాయనా. నీ ముఖం చూడలేక మేమే సందులోంచి పోయాం" అంది నాయనమ్మ.

నాన్న కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఈ వ్యవహారంలో పాలుపంచుకున్నవాళ్లను నేను చాలాసార్లు లెక్కపెట్టుకున్నాను. చీటీ రాసినవాళ్లు, చీటీ ఇవ్వనివాళ్లు, అమ్మినవాళ్లు, పేరు చూసి పంపినవాళ్లు. వాళ్లలో ఒక్కరూ తప్పైందని అనలేదు. ఆ మాట అన్నది ఈ మందుతో ఏ సంబంధమూ లేని మనిషొక్కడే.

నేనిప్పుడు కరెంటు ఉత్పత్తి చేసే చోట ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఒక వాల్వు తెరవాలంటే ముగ్గురం మూడు చోట్ల చూసి సంతకం పెడతాం. కంటితో చూడనిదానికి సంతకం పెట్టొద్దని కొత్తగా చేరినవాళ్లకు చెబుతుంటాను. అది నాకు కాలేజీలో ఎవరూ నేర్పలేదు.

కానీ ఆ రోజు నుంచి నాతో వచ్చింది ఈ పాఠం ఒక్కటే అంటే అబద్ధమవుతుంది. మొన్నామధ్య నాన్నకు మోకాళ్ల నొప్పులని ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. మందులు ఎక్కడైనా కొనుక్కోవచ్చని గోడ మీద బోర్డు ఉంది. దాని ముందు మంచినీళ్ల క్యాను పెట్టారు, తల వంచితే తప్ప కనబడదు. కౌంటరు అమ్మాయి, "కిందే తీసుకోండి సార్, సిస్టంలో పంపించేశాం" అంది. ప్రింటు తీసి ఇమ్మన్నాను. ఎందుకని అడిగింది. బయట కొనుక్కుంటానన్నాను. ఇప్పుడు డెబ్బై దాటిన మా నాన్న, తల్లి కళ్లు అలా పోవడం చూసిన మనిషి, నా చొక్కా పట్టుకు లాగి, "ఎందుకురా, ఆ అమ్మాయికి కోపమొస్తుందేమో" అన్నాడు.

ఆయన మీద నాకు కోపం రాలేదు. ఎందుకంటే ఆ అమ్మాయి ఏమనుకుంటుందోనని నేనూ అప్పటికే గొంతు తగ్గించి మాట్లాడుతున్నాను. ఆ అమ్మాయి కాగితం ఇచ్చింది, నేను తీసుకున్నాను. అది నాకు రావలసిన కాగితమే, అడిగి తీసుకున్న కాగితమే. అయినా దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని, కింద షాపులో వాళ్లు చూస్తారేమోనని తల వంచుకుని బయటికి నడిచాను.