మెచ్చుకోలుకు ఉప్పూ మిరపకాయలూ

హోసూరులో మా మనవరాలు ఫ్యాక్టరీ నుంచి రాగానే టీ పొయ్యి మీద పెట్టి, ఫోనును వంటగది గోడకు ఆనించి ఫ్రెంచి నేర్చుకుంటుంది. వాళ్ళ కంపెనీకి ఫ్రాన్సు నుంచి ఇంజనీర్లు వస్తారట, నాలుగు ముక్కలు మాట్లాడగలిగితే పై ఉద్యోగం దొరుకుతుందట. జవాబు సరిగ్గా చెప్పిన ప్రతిసారీ ఫోను గంట మోగించి 'త్రే బియ్యాఁ' అంటుంది. పిల్లి అన్నా, పాలు అన్నా, రొట్టె అన్నా అదే మెచ్చుకోలు. మొన్నొక సాయంత్రం, ఇంగ్లీషులో 'పర్‌ఫెక్ట్' అంటే ఫ్రెంచిలో ఏమనాలో తోచక అది తడుముకుంటూ ఉంటే, పక్కన బఠానీలు ఒలుస్తున్న నేను 'పార్ఫే' అన్నాను.

"అవ్వా! నీకు యాడ వచ్చింది ఇది?"

"ఉద్దనపల్లిలో," అన్నాను.

నేను హాస్యమాడానని అది పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వనిచ్చాను.

నా పేరు కుప్పమ్మ. నాకంటే ముందు మా అమ్మకు ఒక ఆడబిడ్డ పుట్టింది. ఆ బిడ్డ తెల్లగా, బొద్దుగా ఉండేదట. అత్తిముగం జాతరకు ఎత్తుకుపోతే చూసినవాళ్ళంతా బొమ్మలాగా ఉంది, బొమ్మలాగా ఉంది అన్నారట. తిరిగి వచ్చిన కొద్ది రోజులకే వాంతులు పట్టుకుని పోయింది. అందుకని నేను పుట్టగానే మా అవ్వ నన్ను చేటలో పెట్టి పెంటకుప్ప మీద దొర్లించింది. పక్కింటామె ఎవరో పారేసిన బిడ్డను ఏరుకున్నట్టు నన్ను ఎత్తుకుపోతే, గుప్పెడు తవుడు ఇచ్చి తిరిగి కొనుక్కుని ఆ పేరు పెట్టింది. అంత పనికిమాలిన దాని మీద ఏ కన్నూ పడదని వాళ్ళ ధైర్యం. మా ఇంట్లో నన్ను ఎవరూ ఎన్నడూ బాగుందనలేదు. వాకిట్లో చుక్క తప్పకుండా ముగ్గు వేస్తే 'ఏదో గీకింది' అనేది అమ్మ. గచ్చకాయలాటలో ఊళ్ళో పిల్లలందరినీ ఓడించి వస్తే 'పనీపాటా లేని బతుకు' అనేది అవ్వ. అయితే ఆ రోజు నా రాగిముద్దలో గుంట కొంచెం లోతుగా ఉండేది, అందులో నెయ్యి కొంచెం ఎక్కువ ఉండేది. చింతపండు కొట్టే ఎండాకాలంలో ఈనె తీసిన మెత్తటి పండు నా చేతికి వచ్చేది. ఉగాదికి చేసిన ఒబ్బట్లలో అంచు మాడనిది చూసి నా ఆకులో వేసేవాళ్ళు. మా ఇంట్లో మెచ్చుకోవడం అంతా నోటితో కాదు, చేతితోనే జరిగేది. ఆ భాష నాకు పుట్టినప్పటి నుంచి వచ్చు కాబట్టి వాళ్ళు తిడుతుంటే నేను నొచ్చుకున్నది లేదు.

రెండో భాష బళ్ళో నేర్చుకున్నాను. ఊరి చివర పెంకుల కప్పున్న బడికి ఒక టీచర్ వచ్చింది. పాండిచ్చేరిలో పుట్టి పెరిగిన తమిళామె, సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ చీరలో ఉండేది. ఆమె ఒంటి నుంచి వచ్చే సబ్బు వాసన మా ఊళ్ళో ఇంకెవరి దగ్గరా ఉండేది కాదు. మాకు ఇంగ్లీషూ లెక్కలూ చెప్పేది. మెచ్చుకోవడం ఆమె దగ్గర ఒక మెట్ల వరుస. లెక్క సరిపోతే 'గుడ్', వెంటనే 'బియ్యాఁ'. తడబడకుండా చదివితే 'వెరీ గుడ్', 'త్రే బియ్యాఁ'. ఒక్క తప్పూ లేకుంటే 'పర్‌ఫెక్ట్', 'పార్ఫే'. అంతంత మాత్రంగా ఉంటే 'నాట్ బ్యాడ్', 'పా మాల్'. ఇంగ్లీషు మాట పక్కన ఫ్రెంచి మాట పెట్టకుండా ఆమె నోరు ఊరుకునేది కాదు. వెనక బల్ల పిల్లలు 'టీచర్ మళ్ళీ బియ్యం పంచుతా ఉంది' అని కిసుక్కున నవ్వేవాళ్ళు. నేను నవ్వేదాన్ని కాదు. పై మెట్టు మాట నాకు వచ్చిన రోజున ఇంటిదాకా దాన్ని నోట్లో బెల్లం ముక్కలా చప్పరిస్తూ నడిచి, వాకిలి దగ్గర మింగేసి లోపలికి పోయేదాన్ని.

ఏడో క్లాసు చదువుతుండగా, అనపకాయల కాలంలో, ఒక ఆదివారం ఆ టీచర్ మా ఇంటికి వచ్చింది. నడి ఇంట్లో మేమందరం కూర్చుని నానబెట్టిన అనపగింజల్ని వేళ్ళ మధ్య నొక్కి పప్పు పితుకుతున్నాం. ఇల్లంతా ఆ పచ్చి వాసన. మా బళ్ళో ఏడో క్లాసు దాకానే ఉంది కాబట్టి, ఎనిమిదికి నన్ను క్రిష్ణగిరి ఆడపిల్లల హైస్కూలులో చేర్చాలని, హాస్టలు తానే మాట్లాడి పెడతానని ఆమె తమిళంలో చెప్పింది. మా ఇంట్లో అందరికీ తమిళం అర్థమయ్యేది. నాయన పొలంలో ఎంత మొరటు మనిషైనా మర్యాద తెలిసినవాడు. ఒప్పుకునే ముఖంతోనే ఉన్నాడు.

"చూద్దాం టీచరమ్మా. వట్టి మొద్దు అది. పేడ ఎత్తేదానికి కూడా చేత కాదు," అన్నాడు.

ఎదుటివాళ్ళ ముందు బిడ్డను గురించి మావాళ్ళు అట్లాగే మాట్లాడతారు. టీచరుకు అది తెలియదు. నన్ను నిజంగానే మొద్దు అనుకుంటున్నారని ఆమెకు రోషం వచ్చింది.

"మొద్దా? ఎవరన్నారయ్యా? మీ పిల్ల గుడ్ కాదు, వెరీ గుడ్. త్రే బియ్యాఁ!"

"అయ్యో, ఊరుకో తల్లీ," అంది అవ్వ. "దానికి కూడు తినేది, నిద్రపోయేది తప్ప ఏం తెలుసు?"

"అట్లా అనకండమ్మా. నా సర్వీసులో ఇట్లాంటి బిడ్డను చూడలేదు. ఎక్సలెంట్! పార్ఫే!"

వాళ్ళు ఎంత కిందికి లాగితే ఆమె అంత పైకి ఎత్తింది. ఆమె ఒక్కొక్క మెట్టు ఎక్కుతుంటే అవ్వ ముఖం నల్లబడుతూ వచ్చింది. మెచ్చుకోలు భాషలు రెండూ తెలిసినది ఆ ఇంట్లో నేను ఒక్కదాన్నే. టీచర్, చాలు, పా మాల్ అని ఊరుకోండి అని అరవాలనిపించింది. పెద్దవాళ్ళ మధ్య నోరెత్తే అలవాటు మాకు లేదు. వేళ్ళ మధ్య గింజ నలుగుతూనే ఉంది. చివరికి ఆమె లేచి, నా గడ్డం పట్టుకుని పైకెత్తి, 'బ్రావో' అని రెండు చేతులతో చప్పట్లు కొట్టింది. మా ఇంట్లో ఒక బిడ్డ కోసం చప్పట్లు మోగడం అదే మొదలు.

ఆమె గడప దాటగానే అవ్వ గుప్పిట్లో ఉప్పూ ఎండు మిరపకాయలూ పట్టుకుని నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. మిరపకాయలు కాలి మసి అయిపోయాయి, ఒక్కరికీ దగ్గు రాలేదు. ఘాటు రాలేదంటే దిష్టి అంత గట్టిగా తగిలిందని మావాళ్ళ లెక్క. ఆ మిరపకాయలు కిందటేటివని, పురుగు పట్టి వట్టి తొక్కలయ్యాయని నాకు తెలుసు. వాటిని ఎండబోసింది నేనే. చెబితే ఎవరు వింటారు? ఆ వారమే నాకు జ్వరం వచ్చింది. ఊళ్ళో సగం మందికి అదే జ్వరం. వాళ్ళను ఏ టీచరూ మెచ్చుకోలేదు. అయినా నేను తెలివి లేకుండా పడి ఉన్న మంచం పక్కన మా అమ్మ చచ్చిపోయిన ఆ మొదటి బిడ్డ పేరు పెట్టి ఏడ్చిందట.

నేను లేచి కూర్చుని గంజి తాగే వేళకు అంతా తేలిపోయింది.

"చదివింది చాలు," అన్నాడు నాయన. "కండ్ల ముందర ఉండనీ. బతికుంటే చాలు."

టీచర్ మళ్ళీ వచ్చింది. అవ్వ గడపకు అడ్డంగా నిలబడి, "ఈడ మెచ్చుకునేదానికి ఏమీ లేదు తల్లీ, పోయిరా," అంది. ఆమె కిటికీలో నుంచి నన్ను వెతికింది. నేను కనిపించే చోటే ఉన్నాను. ఆమె వచ్చిన దారినే తిరిగి నడిచింది. వేసవి తర్వాత ఆమెకు వేరే ఊరికి మార్పు అయిందని విన్నాను.

మా తమ్ముడు మునిరాజును ఏ అయ్యవారూ మెచ్చుకోలేదు. 'ఒక మోస్తరు' అని చెప్పి పంపేవాళ్ళు, అవ్వ సంతోషంగా తల ఊపేది. ఆ ఒక మోస్తరు చదువుతోనే వాడు క్రిష్ణగిరిలో హాస్టలులో ఉన్నాడు, కాలేజీకి పోయాడు, సర్కారు కొలువులో పెద్ద కుర్చీలో కూర్చుని రిటైరయ్యాడు. నేను పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోశాను, పదిహేడో ఏట కావేరిపట్టణానికి కోడలినై పోయాను.

పోయిన నెల క్రిష్ణగిరిలో వాడి మనవడి నిశ్చితార్థం జరిగింది. ఏసీ మంటపం, చెవులు పగిలే పాటలు. భోజనాల ముందు వాడు మైకు పట్టుకున్నాడు. "మా అక్క ఎనిమిదో క్లాసు చదివింది. ఆ కాలంలో అంత తెలివి మా ఊళ్ళో ఎవరికీ లేదు. ఇంకా చదివి ఉంటే కలెక్టరు అయి ఉండేది!" అన్నాడు. మంటపమంతా చప్పట్లు. ముక్కూ మొహం తెలియని పిల్లలు నా వైపు తిరిగి ఈలలు వేశారు. నేను చుట్టూ చూశాను. నాయన లేడు, అమ్మ లేదు, అవ్వ పోయి ఎంతో కాలమైంది. ఉద్దనపల్లిలో ఆ పొయ్యి ఉన్న ఇంటిని కూల్చి, కోసి అమ్మే గులాబీల కోసం ప్లాస్టిక్ పందిరి వేశారు. నన్ను మెచ్చుకుంటే భయపడే మనిషి ఈ భూమ్మీద ఒక్కరూ మిగల్లేదు.

వాడు స్టేజీ దిగి, చెమట తుడుచుకుంటూ, నవ్వు ముఖంతో నా కుర్చీ దగ్గరికి వచ్చాడు.

"ఎట్లా అక్కా, బాగా చెప్పినానా?"

"ఏడో క్లాసు," అన్నాను. "ఎనిమిదికి నన్ను యాడ పంపించినారప్పా?"