చంక కింద అతుకు

లాల్‌దర్వాజాలో మేము ఫెన్సింగ్ టోర్నమెంట్లు పెట్టేది ఒక పెళ్లిళ్ల హాల్లో. పెళ్లి లేని ఆదివారం చూసుకుని పొద్దుటి పూటకు తీసుకుంటాం. ఆ ఆదివారం ఏడింటికి షట్టర్ ఎత్తగానే పులిసిన పెరుగుచట్నీ వాసన, వాడిన మల్లెల వాసన కలిసి ముక్కుకు కొట్టాయి. నేలంతా జిడ్డు. కత్తి పట్టుకుని ముందుకు దూకాల్సిన చోట నమిలి పారేసిన బొక్క ఒకటి కాలికి తగిలింది. చీపురు తీసుకుని నేనే ఊడ్చాను. క్లబ్బు సామాన్ల సంచి విప్పితే అందులోంచి ఇంకో కంపు. పాతికమంది పిల్లలు వంతులేసుకుని తొడుక్కునే మాస్కులవి. గడ్డం ఆనే చోట మెత్త నల్లబడి జిగటగా ఉంటుంది. వీటితో నాకెన్నడూ పేచీ లేదు. కడిగితే పోయేవి.

మా ఇంటివాళ్లది గుండీలు, లేసులు, జరీ అమ్మే కొట్టు. ముప్పై ఆరో ఏట నడుం నొప్పి పోతుందని ఎవరో చెబితే ఈ క్లబ్బుకు వచ్చి కత్తి పట్టాను. క్లబ్బు మొదలుపెట్టినాయన ఒక రిటైరైన పీఈటీ సారు. పెద్దవాళ్లం ఆయన్ని భాయ్‌సాబ్ అంటాం, పిల్లలు సార్ అంటారు. పోటీల్లో రిఫరీ ఆయనే. పేర్లు రాసుకోవడం, ఎవరితో ఎవరు ఆడాలో చీటీలు వేయడం, అందరి సామానూ పరీక్షించడం నా పని. ఆడవాళ్లలో పేర్లు తక్కువ పడితే నేనూ దిగేదాన్ని. అలా ఆరేళ్లు ఆడాను. ఎంతోమంది మెడలో బంగారు పతకం వేశాను గానీ నా మెడలో ఒక్కసారి కూడా పడలేదు.

ఆట తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. కత్తి మొనకు చిన్న బటన్ ఉంటుంది. ఒంటికి లోహపు దారంతో నేసిన వెండిరంగు జాకెట్ వేసుకుంటాం. మొన ఆ జాకెట్‌కు తగిలితే పెట్టె మీద రంగు లైటు వెలుగుతుంది, పాయింటు వస్తుంది. చేతికో కాలికో తగిలితే తెల్ల లైటు వెలుగుతుంది. ఆట ఆగుతుంది, పాయింటు మాత్రం రాదు.

నా జాకెట్ కుడి చంక కింద అరచేయంత చిరిగింది. కొత్తది తెప్పించడానికి బద్ధకించి, మా కొట్లోనే రంగు కలిసే జరీగుడ్డ ఏరి అతుకు వేశాను. ఎక్కడ కుట్టానో నేనే గుర్తుపట్టలేనంత బాగా కుదిరింది. టోర్నమెంటు పొద్దున అందరి జాకెట్లలోనూ కరెంటు పారుతోందో లేదో మీటరు పెట్టి చూసి, చివర నాది చూసుకున్నాను. అతుకు మీద ముల్లు కదల్లేదు. ఇమిటేషన్ జరీలో లోహం ఎక్కడుంటుంది, ప్లాస్టిక్ మీద మెరుపే కదా. జరీ అమ్ముకుని బతికేదాన్ని, తెలియలేదని అనడానికి లేదు. ఇప్పుడు టైం లేదు, తర్వాత చూద్దాం అనుకున్నాను. అనుకుని, జాకెట్ మీద క్లబ్బు ముద్ర కొట్టుకున్నాను. ముద్ర లేని జాకెట్‌తో ఎవరినీ ఆడనివ్వకూడదని రూలు పెట్టింది కూడా నేనే.

మొదటి ఆటలన్నీ కుడిచేతి వాళ్లతో పడ్డాయి. వాళ్ల కత్తులు అటు రాలేదు. ఫైనల్లో నా ఎదురుగా గౌలిపుర అమ్మాయి నిలబడింది. పందొమ్మిదేళ్లది. ఇంట్లో బర్రెలు. పొద్దున్నే ఇళ్లిళ్లూ తిరిగి పాలు పోసి, అదే స్కూటీ మీద ప్రాక్టీసుకు వచ్చేది. రెండేళ్లుగా మా దగ్గరే నేర్చుకుంటోంది. ఎడమచేతి వాటం. ఎడమచేతి వాళ్లు పొడిస్తే మొన నేరుగా కుడిచేతి వాళ్ల చంక కిందికి వస్తుంది.

ఎనిమిది, ఎనిమిది మీద ఉండగా మొదటిసారి తగిలింది. మొన గుచ్చుకోవడం నాకు చర్మం దాకా తెలిసింది. పెట్టె మీద తెల్ల లైటు. నేను తిరిగి గీత దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. రెండోసారీ అక్కడే, మళ్లీ తెల్ల లైటు. మూడోసారికి ఆ అమ్మాయి మాస్కు పైకెత్తింది.

"సార్, నాకు మంచిగనే తాకినట్టు కొడ్తున్నది. వైరు గిట్ల పోయిందేమో, జర చూస్తరా?"

"అక్క జాకెట్‌కు పెట్టి చూడు బేటీ," అన్నారు భాయ్‌సాబ్.

నేను ఒక అడుగు ముందుకు వేశాను. ఛాతీ ముందుకు పెట్టి, కుడి మోచేతిని పక్కటెముకలకు ఆనించి నిలబడ్డాను. ఆ చేయి అలా దానంతట అది పోలేదు. నేనే పెట్టాను. ఆమె నా మెడ కింద మొన ఆనించింది. పచ్చలైటు వెలిగింది.

"చూసినవా? కత్తి బరాబర్ ఉన్నది. నీ నిశానా తప్పుతున్నది. పరేషాన్ గాకు."

"సరే సార్," అని మాస్కు దించుకుంది. ఆ తర్వాత ఆమె అటువైపు గురిపెట్టి పొడవడమే మానేసింది. చేతికి బాగా వచ్చిన దెబ్బను వదిలేసి, రాని దెబ్బలు వేసింది. పదిహేను, పదమూడుతో నేను గెలిచాను. గెలిచి అరిచాను. గోడల దాకా వినబడేలా, పిడికిలి ఎత్తి. టోర్నమెంట్లలో పిల్లలు అలా అరిస్తే గద్దించేదాన్ని.

ఆమె వచ్చి చేయి కలిపింది.

"నడుమల లొల్లి చేసిన అక్కా, ఏమనుకోకు."

"అయ్యో, ఏం కాదమ్మా," అని ఆమె వీపు తట్టాను. చెమటతో తడిసిన నా అరచేయి ఆమె వెండిరంగు జాకెట్ మీద మరకలా పడింది. పతకం మెడలో వేసుకుని అందరితో ఫొటోలు దిగాను.

గెలిచినవాళ్లు జిల్లా పోటీలకు వెళ్లాలి. మరుసటి ఆదివారమే పోటీలు. వెళ్లాను. క్లబ్బు జాకెట్ ఒకటి వేసుకుని, మొదటి రౌండులోనే ఓడిపోయి వచ్చాను.

ప్రాక్టీసు గదిలో ఒక గోడకు మెత్త కొట్టి ఉంటుంది. ఆ అమ్మాయి రోజూ అందరికంటే ముందు వచ్చి దాన్ని పొడవడం మొదలుపెట్టింది. ఒకే చుక్క మీద, లెక్కపెట్టుకుంటూ మూడు వందల సార్లు.

"ఇంతెందుకమ్మా?" అని అడిగాను ఒకరోజు.

"నా నిశానా మంచిగ లేదక్కా. సార్ చెప్పిండు గద."

ఆమె బొటనవేలి మీద బొబ్బ చిట్లి ఎర్రగా ఉంది. నేను పెట్టెలోంచి టేపు తెచ్చి చుట్టాను. "థాంక్స్ అక్కా," అంది. ఇంటికి వచ్చి సబ్బుతో చేతులు కడుక్కున్నాను.

రెండు వారాలు అలాగే గడిపాను. ఆఖరికి ఒక పొద్దున హోటల్లో చాయ్ తాగుతూ భాయ్‌సాబ్‌తో చెప్పేశాను. ఆయన బిస్కట్ చాయ్‌లో ముంచి, మెత్తబడిందాకా ఆగి, నోట్లో వేసుకున్నారు.

"మూడోసారి తెల్ల లైటు వచ్చినప్పుడే నీ జాకెట్ మీద నాకు షక్ అయింది బెహన్."

"మరి నా చెయ్యి లేపమని ఎందుకనలేదు?"

"ముద్ర కొట్టింది నువ్వు. గంత మంది ముందట ఎట్లంట? నువ్వు అలిగి పోతే ఈ క్లబ్బు ఎవరు నడిపిస్తరు? ఛోడ్‌దో. అయిపోయింది గద."

ఆయన మీసానికి బిస్కట్ పిండి అంటుకుంది. ఇంతకాలం పెద్దమనిషి అనుకున్నది ఈయన్నేనా అనిపించింది. ఆయన్ని అసహ్యించుకుంటే ప్రాణం కాస్త తేలికపడింది. తేలికపడిందని తెలిసేసరికి చాయ్ సగంలోనే వదిలి లేచాను.

మరునాడు ఆ అమ్మాయి గోడ దగ్గర ఉండగానే వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. అతుకు సంగతి, మీటరు సంగతి, మోచేయి సంగతి. ఆమె అంతా విని, "జాకెట్ తీస్కరా," అంది. తెచ్చాను. పెట్టెకు వైర్లు తగిలించి, జాకెట్‌ను బల్ల మీద పరిచి, చంక కింద మొన పెట్టింది. తెల్ల లైటు. మళ్లీ పెట్టింది. ఐదారు సార్లు అదే చోట పెట్టింది.

"తప్పలేదు నాది," అంది, నాతో కాకుండా.

"తప్పలేదమ్మా."

"జిల్లాకు నేను పోవాల్సింది."

"అవును."

"పదిహేను దినాలు గోడను పొడిచిన మేడమ్. మీరు రోజు చూసుకుంట ఉన్నరు."

ఆ రెండేళ్లలో ఆమె నన్ను మేడమ్ అనడం అదే మొదలు. పతకం ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. వచ్చే టోర్నమెంటులో అందరి ముందూ చెబుతానన్నాను.

"చెప్పుకోండ్రి," అని కత్తి సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. తర్వాత పురానాపూల్ దగ్గర ఇంకో క్లబ్బులో చేరిందని విన్నాను.

చెప్పినట్టే తర్వాతి టోర్నమెంటు రోజు మైకు పట్టుకున్నాను. నేను చేసింది మోసమని, ఆ పతకం ఆ అమ్మాయిదని, ఇకమీద నేను ఆడనని, సామాను పరీక్ష ఇంకొకరు చేస్తారని చెప్పాను. రాళ్లు పడతాయనుకున్నాను. కనీసం ఎవరో ఒకరు పిల్లను తీసుకుని లేచి వెళ్లిపోతారనుకున్నాను. ముందు ఒక తండ్రి చప్పట్లు కొట్టాడు. తర్వాత హాలంతా కొట్టింది. "ఈ జమానాల ఇంత నిజాయితీ ఎవరికుంటది మేడమ్!" అని ఒకామె నా రెండు చేతులూ పట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. చేతులు లాక్కుని బయట కుళాయి దగ్గరికి వెళ్లి వాంతి చేసుకున్నాను.

నేను మాట్లాడింది ఎవరో వీడియో తీశారు. భాయ్‌సాబ్ దాన్ని క్లబ్బు వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద "మా క్లబ్బు ఇజ్జత్" అని రాశారు. వరుసగా దండాలు వచ్చిపడ్డాయి. వాటి మధ్యలో ఒకచోట, గౌలిపుర అమ్మాయి గ్రూపు విడిచి వెళ్లిందని కనబడింది. అన్నాళ్లూ ఆమెను తీసేయాలని ఎవరికీ తట్టలేదు. నా వీడియో ఆమె ఫోనుకు కూడా వెళ్లింది.

"తీసెయ్యండి," అన్నాను భాయ్‌సాబ్‌తో.

"ఎందుకు? అది చూసే ముగ్గురు కొత్త పిల్లలు చేరిండ్రు."

నిజంగానే చేరారు. సోమవారం నాడు అందులో ఒక పాపను వాళ్లమ్మ నా ముందు నిలబెట్టి, "ఈ మేడమ్‌ను చూసి నేర్చుకో బిడ్డా," అంది. పాప నా కాళ్లకు దండం పెట్టబోతే వెనక్కి జరిగాను. కత్తి పిడి ఎలా పట్టుకోవాలో చూపించమని అడిగింది. చూపించాను.