కరుణాకుమారి సిస్టర్ చెప్పిన క్లాసు

నెల్లూరులో మా మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో డాక్టర్లకు పాఠం చెప్పే అర్హత కరుణాకుమారి సిస్టర్‌కు లేదని ఎవరన్నా అంటే వాళ్ళ నోట్లో మన్ను పడ! గర్భస్రావం పాఠం వచ్చేసరికి మా ప్రొఫెసర్ నరేంద్రబాబు గారు గొంతు సవరించుకుని, "ఈ చాప్టర్ మీరే చదువుకోండి, పరీక్షకు పెద్దగా రాదు" అని దాటేశారు. పరీక్షకు రాదు సరే, ఆడవాళ్ళు ఆసుపత్రికి రారా? ఈ మాట నేను ఆయన్ని అడగలేదు. నాకంత దమ్ముంటే ఈ కథే ఉండేది కాదు.

సిస్టర్‌ది ఇందుకూరుపేట. ముప్పై ఏళ్ళుగా కాన్పుల వార్డులోనే పని. మేము హౌస్ సర్జన్లుగా చేరిన మొదటి వారంలో నాలుగు బొప్పాయికాయలు సంచిలో వేసుకొచ్చి బల్లమీద పెట్టింది. బాలింతలకు తోడొచ్చిన ముసలమ్మలు ఊరుకుంటారా?

"కడుపుతో ఉండే ఆడోళ్ళ మధ్యకి బొప్పాయి తెచ్చినావా, నీ చేతులు పడిపోనూ!"

"తినడానికి గాదులేమ్మా, ఈళ్ళకి బుద్ధి రావడానికి" అంది సిస్టర్.

కాయను గర్భసంచి అనుకోమని చెప్పి, తొడిమ వైపు నుంచి సన్నటి గొట్టం దూర్చి, పెద్ద సిరంజితో లోపలి గింజల్ని మాచేత లాగించింది. నేను గట్టిగా పొడిచాను. గొట్టం అవతలికి వచ్చేసింది.

"అబ్బో, సాహిరా డాక్టరమ్మా! కాయకి చిల్లు పడితే పారేస్తాం. మనిషిని ఏడ పారేస్తావు?" అని నా చేతిమీద ఒక్కటిచ్చింది. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆమె గట్టిగా నేర్పింది ఇంకొకటుంది. మా ఆసుపత్రి ఫారంలో పేషెంటు సంతకం కింద 'భర్త సంతకం' అని ఇంకో గడి అచ్చువేసి ఉంటుంది. "చట్టంలో ఇది లేదు. పద్దెనిమిది నిండిన ఆడమనిషి తాను ఒప్పుకుంటే చాలు. ఈ గడి మన సార్ల భయం" అని చెప్పి ఎర్రపెన్నుతో దాన్ని కొట్టేసేది. సార్ ఆమెకు మెమోలు ఇచ్చేవారు. "మొగుడొచ్చి గొడవ చేస్తే నువ్వు అడ్డం వస్తావా?" అని ఒకసారి అందరి ముందూ కేకలేశారు.

"ముప్పై ఏళ్ళుగా వస్తానే ఉండా గదా సార్" అంది సిస్టర్.

ఆమె సెలవులో ఉన్న రోజే మైపాడు నుంచి పెంచలమ్మ వచ్చింది. ముగ్గురు పిల్లల తల్లి. ఇప్పుడు తొమ్మిదో వారం. "ఇంకోదాన్ని మోయలేను మేడమ్. పోయినసారే చచ్చి బతికినా" అంది. భర్త చెన్నై వైపు పెద్ద బోటులో వేటకు పోయాడట, ఇరవై రోజుల దాకా గట్టుకు రాడట. ఓపీలో కూర్చున్నది నేనే. ఆ గడి కొట్టేసి లోపలికి పంపడానికి నాకు క్షణం పట్టదు. కానీ నెలాఖరుకు నా హౌస్ సర్జన్సీ కాగితాల మీద నరేంద్రబాబు గారు సంతకం పెట్టాలి.

"మీ ఆయన్ని తీసుకొనిరా" అన్నాను.

"సముద్రంలో ఉండే మనిషిని ఎట్టా తెచ్చేది?"

తలెత్తకుండా తర్వాతి పేరు పిలిచాను. సిగ్గుమాలిన పని. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకే ఉమ్మేయాలనిపిస్తుంది.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఆమెను ఆటోలోంచి ఎత్తుకొచ్చారు. ఎవరో మందుల షాపు నుంచి తెచ్చిచ్చిన మాత్రలు మింగిందట. చీరంతా రక్తం. గర్భం సగమే పోయి, మిగతాది లోపలే ఉండిపోయింది. బీపీ అందడం లేదు. సార్ పరుగున వచ్చారు.

"సార్, భర్త సంతకం..." అన్నాను.

"నీ మొహం! ఆమె వేలిముద్ర వేయించు, చాలు. టైం లేదు!" అని అరిచారు.

పెంచలమ్మ వేలికి సిస్టర్ ఇంకు అద్ది ముద్ర వేయించింది. సార్ లోపలంతా శుభ్రం చేశారు. రెండు సీసాల రక్తం ఎక్కాక మనిషి దక్కింది. బయటికి రాగానే సిస్టర్ నన్ను గోడవారకు లాక్కెళ్ళింది.

"ఆ పొద్దు ఓపీ చీటీ మీద నీ రాతే ఉండాది. తెలియక పంపించినావా, తెలిసి పంపించినావా?"

"తెలిసే, సిస్టర్."

"థూ! మే, పిల్లా, తెలియనోళ్ళకి నేర్పించొచ్చు. నీకేం నేర్పించేది?"

దానికన్నా చెంప పగలగొట్టినా బాగుండేది.

మర్నాడు రౌండ్స్‌లో సార్, ఆయన వెనక మేం పదిమందిమి పెంచలమ్మ మంచం దగ్గర ఆగాం. సార్ ఎలా ఉందని అడిగారు. ఆమె ఎదురు ప్రశ్న వేసింది.

"సార్, నిన్న చచ్చేటప్పుడు నా వేలిముద్ర సరిపోయిందే. ఆ పొద్దు నా కాళ్ళమీద నేను నడిచొచ్చినప్పుడు ఎందుకు సరిపోలా?"

సార్ కేసుషీటు అటూ ఇటూ తిప్పారు. "హిమోగ్లోబిన్ మళ్ళీ చేయించండి" అని పక్క మంచానికి వెళ్ళిపోయారు. మావాళ్ళంతా ఆయన వెంట పోయారు. నేనూ పోబోయాను. మంచం పక్కనే ఉన్న సిస్టర్ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏడికి పోతావు? క్లాసు ఈడ. చెప్పు ఆమెకి."

"భయపడినాను" అన్నాను.

పెంచలమ్మ నావైపు తిరిగింది.

"నాకు గూడా భయమేసే గదమ్మా, నీ కాడికి వచ్చింది" అంది.