గోడ మీద వడ్రంగిపిట్ట

"...కళ్ళెదురుగా కనబడుతుంటే లేదంటారేమిటండీ?"

"నా గోడ మీద ఏమీ లేదు. సున్నం కూడా లేదు," అన్నాడు భర్త, పక్క గదిలో తన కంప్యూటర్ ముందు నుంచి.

ఆదివారం మధ్యాహ్నం. భార్య తన ఆడపడుచు పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. వాళ్ళు చూస్తున్నది కంప్యూటర్ ఆటలోని ఇటుక గోడ. ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని, రెండు జట్లుగా కాల్చుకునే ఆట అది. ఆడపడుచూ స్నేహితులూ దాన్ని తమకు నచ్చినట్టు మార్చి ఒక మాడ్ చేసుకున్నారు. అందులో మీట నొక్కితే గోడ మీద బొమ్మ పడుతుంది. దాన్ని స్ప్రే అంటారు. ఇన్నాళ్ళూ ఆటతో పాటు వచ్చిన పుర్రెలే పడేవి. పుర్రెలు చూసి విసుగెత్తి, వదినను బొమ్మ గీసిమ్మంది ఆడపడుచు.

వదిన ఎంబ్రాయిడరీ షాపులో డిజైన్లు గీస్తుంది. గీసింది గుడ్డ మీదికెక్కి ఎవరి ఒంటి మీదికో పోయేది. మళ్ళీ ఆమె కంటబడేది కాదు. మొన్న యజమాని కంప్యూటర్లో తయారైన డిజైన్లు కొన్నాడు. ఆమెను ఇకపై దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోమన్నాడు. సోమవారం జవాబు చెప్పాలి.

వడ్రంగిపిట్టను గీసింది. మొదటిసారి చుట్టూ తెల్ల కాగితంతో సహా పడి, గోడకు కరపత్రం అంటించినట్టు కనిపించింది. "గుడ్డ తీసేసి కుట్టు ఒక్కటే ఉంచాలన్నమాట," అని ఈక ఈకకూ తెలుపు చెరిపించింది. బొమ్మకు ఆట ఇచ్చే చదరంలో పట్టని తోకను మాత్రం కత్తిరించనివ్వలేదు, వంచి మళ్ళీ గీసింది. తీరా పిట్ట ఇటుకల మీద వాలాక, అదే ఆటలో ఉన్న మొగుడికి కనబడలేదు.

ఆడపడుచు ఫైళ్ళు వెతికి నాలుక కరుచుకుంది. బొమ్మ తన కంప్యూటర్లోనే పెట్టుకుంది, మాడ్‌తో పాటు మిగతావాళ్ళకు పంపలేదు.

"శుభలేఖ వెయ్యకుండా పెళ్ళికి రాలేదని మీ అన్నయ్యతో నాకు గొడవ పెట్టావు," అంది వదిన.

అందరికీ పంపి, ఆట మళ్ళీ మొదలుపెట్టారు. కాసేపటికి, "వచ్చింది," అన్నాడు భర్త, మెల్లగా.

తెర మీద సందులోంచి ఒకడు తుపాకీ ఎత్తి పరుగెత్తుకొచ్చాడు. గోడ ముందు ఆగిపోయాడు. అవతలి జట్టువాడు వచ్చి వాడి పక్కనే నిలబడ్డాడు. ఇంకొకరు, ఇంకొకరు. ఎవరూ కాల్చలేదు. అంతమంది వీపులు, వాటి మీదుగా ఎర్రటి తలతో ఇటుకను పొడుస్తూ పిట్ట. ఎక్కడెక్కడి వాళ్ళో వీళ్ళంతా. ఆమె చెయ్యి తెలియకుండానే నోటి మీదికి వెళ్ళింది.

తెర మూల ఎవరో రాశారు: ఎవరు గీశారిది?

"ఏం రాయను వదినా?"

"మా వదిన అని రాయి," అంది ఆమె. తర్వాత పక్క గదికి వినబడేలా, "ఏమండీ, రేపు నేను దారాల బల్ల దగ్గర కూర్చోనని చెప్పేస్తున్నాను," అంది.