దుప్పటి కప్పుకుని వచ్చిన పిల్ల

మా అమ్మాయి యూకేజీలో ఉండగా హాలోవీన్ అనే మాట ఫోన్లో మెసేజీగా మా ఇంట్లోకి వచ్చింది. శుక్రవారం పిల్లలందరూ దెయ్యం వేషాల్లో రావాలని టీచరుగారు గ్రూపులో పెట్టారు. కింద పళ్లు బయటపెట్టి నవ్వుతున్న గుమ్మడికాయ బొమ్మ. ఐదేళ్ల పిల్ల ఆ బొమ్మ చూసిందంటే ఇక ఇంట్లో వేరే మాట ఏముంటుంది?

"అమ్మమ్మకి మాత్రం చెప్పకు" అన్నాను.

మా అమ్మ టీచరుగా చేసి రిటైరైంది. నాన్న పోయాక అమలాపురంలో మా వెనక వీధిలోనే చిన్న ఇల్లు తీసుకుని ఒక్కతే ఉంటోంది. ఒక్క ఆదివారం కూడా చర్చి మానని మనిషి. దెయ్యాల ఊసు ఆవిడ దగ్గర నవ్వులాటకైనా ఎత్తడానికి లేదు.

ఈలోగా తుఫాను వచ్చింది. తెల్లారేసరికి గాలి తగ్గింది గాని కరెంటు పోయింది. రోడ్ల మీద కొబ్బరిచెట్లు అడ్డంగా పడ్డాయి. బడులకి సెలవులిచ్చేశారు. శుక్రవారం వచ్చింది, హాలోవీన్ మాత్రం రాలేదు. పిల్ల పొద్దుటినుంచీ గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం వద్దంది, పాలు వద్దంది. సాయంత్రానికి నాకే మనసొప్పక ఒక పాత తెల్ల దుప్పటి తీసి, కళ్ల దగ్గర రెండు కన్నాలు కత్తిరించి దాని నెత్తిన వేసి, చేతికో సంచి ఇచ్చాను.

"మన వీధిలో నాలుగిళ్లకి వెళ్లి మిఠాయిలు అడిగొద్దాం పద" అన్నాను.

చీకటి పడుతోంది. ఎక్కడా దీపం లేదు. చూరుల్లోంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. పక్కింటి మామ్మగారు కొవ్వొత్తి పట్టుకుని వచ్చి తలుపు తీశారు.

"ఎవరండీ అదీ?"

"దెయ్యాన్ని" అంది దుప్పటి.

"ఆయ్, దెయ్యంగారా! రండి రండి. కరెంటు కూడా లేదు, మీకు బాగుంటుందండీ" అని ఆవిడ నవ్వి, సంచిలో గుప్పెడు చెగోడీలు పోశారు.

ఆ తర్వాతి ఇంట్లో మాస్టారుగారు కళ్లజోడు సర్దుకుని చూసి, "ఏవమ్మా, అప్పుడే క్రిస్మస్ పాటలకి బయల్దేరేరా?" అన్నారు. ఇది వేరే పండగ అని పిల్ల ఆయనకి విడమరిచి చెప్పింది. ఆయన శ్రద్ధగా విని అరటిపండు ఇచ్చారు. పిల్లకి ధైర్యం వచ్చేసింది. "ఇప్పుడు అమ్మమ్మని భయపెడతాను" అంటూ పరుగెత్తింది. నేను వద్దు వద్దంటూనే ఉన్నాను. మలుపు తిరిగేసరికి దుప్పటి అంచు బురదనీళ్లలో ఈడ్చుకుపోతోంది. నేను గేటు దగ్గరికి చేరేసరికి అది తలుపు కొట్టేసింది.

తలుపు తెరుచుకుంది. అమ్మ చేతిలో కొవ్వొత్తి. పిల్ల ఏమనుకుందో, దారంతా వల్లెవేసిన మాట మర్చిపోయి, నోరు మెదపకుండా నిలబడింది. దుప్పటి కొసల్లోంచి మెట్ల మీద నీళ్లు కారుతున్నాయి. ఇప్పుడు తిట్లు తప్పవనుకున్నాను.

అమ్మ కొవ్వొత్తి కొంచెం కిందికి దించి చూసింది.

"వచ్చేవా" అంది.

అది నాకు తెలిసిన గొంతు కాదు.

నాకో అక్క ఉండేది. నేను పాలు తాగే పిల్లగా ఉన్నప్పుడు వచ్చిన పెద్ద తుఫానులో, ముక్తేశ్వరం దగ్గర మా పాత ఊళ్లో ఇంటి గోడ కూలి ఆ పిల్ల పోయింది. ఇంత మాత్రం మా మేనత్త చెప్పగా తెలుసు. ఉన్న ఫొటోలు ఆ నీళ్లలోనే పోయాయి. అమ్మ నోట ఆ పిల్ల మాట ఏనాడూ వినలేదు. అయినా ఆ పిల్ల మాతోనే ఉండేది. గాలి పెద్దగా వీచిన రాత్రి అమ్మ నన్ను గోడవారనున్న మంచం మీంచి లేపి, గది మధ్యలో చాప వేసి పడుకోబెట్టేది. నా పక్కన మరొకరికి సరిపడా చోటు వదిలి తను అవతల పడుకునేది. నిద్రలో నేను ఆ చోట్లోకి దొర్లితే, మెల్లగా ఎత్తి మళ్లీ ఇవతలికి జరిపేది. ఆ ఖాళీవైపు చెయ్యి చాపడానికి నాకు పెళ్లయ్యేవరకూ భయమే.

"తడిసిపోయేవేంటమ్మా... లోపలికి రా" అంది అమ్మ.

పిల్ల వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లింది. నేను మెట్ల దాకా వచ్చి ఆగిపోయాను. అమ్మ పిల్లని మంచం మీద కూర్చోబెట్టి, తన కొంగుతో కాళ్లు తుడిచింది. ఒక్కో వేలూ విడదీసి తుడిచింది. దుప్పటి మాత్రం ఎత్తలేదు. వంటింట్లోకి వెళ్లి కంచంలో పెరుగన్నం కలుపుకొచ్చింది.

"ఆ రోజు తినకుండానే పడుకున్నావు. పొయ్యి అంటుకోలేదమ్మా. కట్టెలన్నీ తడిసిపోయేయి. పొద్దున్న పెడతాను, పడుకో అన్నాను. పొద్దున్న పెడదామనుకున్నాను..."

దుప్పటికి నోటి దగ్గర కన్నం లేదు. అమ్మ అంచు కొంచెం పైకెత్తి, ముఖం కనపడనంత మేరకే ఎత్తి, ముద్ద లోపలికి అందించింది. పెరుగన్నమంటే పారిపోయే పిల్ల కిక్కురుమనకుండా తింది. ఇంకో ముద్ద, ఇంకో ముద్ద. గోడ మీద ఆ ఇద్దరి నీడలూ ఒకటైపోయి ఊగుతున్నాయి. దుప్పటి కింద ఉన్నది నా కూతురేనా అని నాకే అనుమానం వచ్చింది. మెట్లెక్కి గుమ్మం దాకా వెళ్లాను.

కంచం ఖాళీ అయ్యాక దుప్పటి జారింది.

"అమ్మమ్మా, నేనే!"

"తెలుసమ్మా" అంది అమ్మ, మామూలు గొంతుతో. మూతి తుడిచింది.

"నేనెప్పుడు తినకుండా పడుకున్నాను?"

"నువ్వు కాదు. మీ పెద్దమ్మ."

ఆ మాట ఆ ఇంట్లో వినడం నాకదే మొదలు. అమ్మ తలెత్తి, గుమ్మంలో ఉన్న నన్ను చూసింది. పక్కకి జరిగి మంచం మీద చోటిచ్చింది. నేను వెళ్లి కూర్చున్నాను. ఆ సాయంత్రం అమ్మ చెప్పింది. అక్కకి బల్లులంటే భయమట. చింతకాయలు గౌనులో దాచుకుని తినేదట. నన్ను ఎత్తుకుంటానని పేచీ పెట్టి, ఎత్తుకుని మొయ్యలేక కూలబడేదట. నన్ను ఎత్తుకుందన్నమాట. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. అమ్మ ఏడవలేదు. నేనే ఏడ్చాను.

"పెద్దమ్మ ఇప్పుడెక్కడుంది?" అంది పిల్ల.

పోయినవాళ్ల సమాధులకి సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండుగకి ఏటా అమ్మ ఒక్కతే మా పాత ఊరు వెళ్లొచ్చేది. నన్ను రానిచ్చేది కాదు. ఈసారి పండుగ ఆ ఆదివారమే వచ్చింది. ముగ్గురం ఆటోలో వెళ్లాం. దారిలో ఇంకా చెట్లు కోస్తూనే ఉన్నారు. సమాధుల తోటలో కొబ్బరిమట్టలు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. మట్టలు ఈడ్చి పక్కన పడేశాక బయటపడింది ఆ సమాధి. అంత చిన్నదని నేననుకోలేదు. అమ్మ సున్నం వేసింది. పిల్ల బంతిపూలు పెట్టింది. కొవ్వొత్తులు గాలికి నిలవడం లేదు.

"పెద్దమ్మకి ఎన్నేళ్లు?" అని అడిగింది పిల్ల.

"ఆరమ్మా" అంది అమ్మ.

"వచ్చే ఏడు నాకూ ఆరొస్తాయి. ఆ పై ఏడాది ఏడు." వేళ్లు లెక్కపెట్టింది. "అప్పుడు పెద్దమ్మకీ ఏడేనా?"

"కాదు. ఆరే."

"అయితే నేనే పెద్దదాన్నైపోతాను. అప్పుడు నేనేమని పిలవాలి?"

అమ్మ ఆరిపోయిన కొవ్వొత్తి తీసి, గాలికి చెయ్యి అడ్డం పెట్టి, మళ్లీ వెలిగించింది.