చప్పుడు లేని ఊరేగింపు

మా పట్టుపురుగుల ఇంట్లోకి ఎవరు రావాలన్నా కాళ్లు కడుక్కుని రావాలి. బీడీ నోటితో రాకూడదు, ఒంటికి సెంటు పూసుకుని రాకూడదు. మా ఆయన బతికున్న రోజుల్లో ఆయనను కూడా గడప బయట నిలబెట్టినదాన్ని. పురుగుకు నోరు లేదు. పొగ తగిలితే, ఘాటు వాసన తగిలితే ఆకు మానేసి పడుకుంటుంది, అంతే. పసిబిడ్డలా సాకిన పంటను దిబ్బలో పోసుకోవాలి.

మా ఊరు పుంగనూరు నుంచి పెద్దపంజాణి పోయే దోవలో లోపలికి ఉంటుంది. తొంభైల్లో మా ఊళ్లో సగం ఇళ్లలో పట్టుపురుగులే. మాదీ మా మరిదిదీ ఒకే గోడ. అన్నదమ్ములు భూమి పంచుకున్నారు, ఆవులను పంచుకున్నారు. చంద్రికలను మాత్రం పంచుకోలేదు. చంద్రిక అంటే వెదురు చాప మీద వెదురు బద్దను చుట్లు చుట్లుగా కట్టినది. పురుగు పండినప్పుడు దాని మీద వేస్తే ఆ సందుల్లో కూర్చుని గూడు అల్లుకుంటుంది. మొదట మా పురుగులు పండేవి, మా గూళ్లు విప్పినాక వాళ్లవి. అవే చంద్రికలు, అవే చేతులు. మాకు పండిన రోజు వాళ్లింటిల్లిపాదీ మా ఇంట్లో ఉండేవాళ్లు, వాళ్లకు పండిన రోజు మేము అక్కడ. కూలి లేదు. సంగటి, ఊరిబిండి పచ్చడి పెడితే చాలు.

ఢిల్లీలో ఎవరు కూర్చోవాలనే ఎలక్షన్ వచ్చి ఆ గోడ మీద పడింది.

నా పెద్దకొడుకు ఒక పార్టీ, మా మరిది ఇంకో పార్టీ. వాడిని భుజాన వేసుకుని తిప్పి పెంచినవాడు మా మరిది. టీ అంగడి ముందర పదిమందిలో ఆయన, "ఒరేయ్, నీకు ఓటెయ్యడం నేర్పించింది నేను గదరా!" అన్నాడు. వీడు ఊరుకున్నాడా? "నువ్వు నేర్పించిన తప్పునే ఇప్పుడు దిద్దుకుంటాండాను సిన్నాయనా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుతోనే వచ్చింది తంటా. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

నన్ను అడిగితే, నా ఓటు సంగతి నా కొడుక్కూ తెలియదు, ఆ ఎలక్షన్ నాటికే పోయిన మా ఆయనకూ తెలియదు. నేను పుట్టింది కుప్పం పక్కన. అక్కడ ఓట్లు అడిగేవాళ్లు తెలుగులో వచ్చేవాళ్లు, అరవంలో వచ్చేవాళ్లు, కన్నడంలో వచ్చేవాళ్లు. మా నాయన అందరికీ వాళ్ల భాషలోనే సరే అని, మజ్జిగ ఇచ్చి పంపేవాడు. ఎవరికి వేశాడో దేవుడికి తెలియాలి. నేను చదివింది మూడో తరగతి వరకే అయినా ఆ ఒక్క పాఠం బాగా వంటబట్టింది.

ఓట్లు పడిన మరుసటి రోజు వీధిలో వేలాడుతున్న గుడ్డ బ్యానర్లను విప్పుకొచ్చాను, ఇద్దరివీ. మంచి గుడ్డ. ఉతికి, కలిపి కుట్టి, తడిపి మల్బరీ ఆకు కుప్ప మీద కప్పాను, ఆకు వాడకుండా. నా కొడుకు చూసి మండిపడ్డాడు.

"అమ్మా, మా గుర్తును తీసకపోయి వాళ్ల గుర్తుకు కలిపి కుడతావా!"

"గుర్తు కాదురా, గుడ్డ. నీ పార్టీవాళ్లు ఇంకో నాలుగు గజాలు ఇచ్చింటే దానికి కుట్టకుండానే సరిపోయుండు."

అన్నం దగ్గర ఒక పూట అలిగాడు. రెండో పూటకు వచ్చి తిన్నాడు.

అసలు చిక్కు ఏమిటంటే, చంద్రికలన్నీ మరిది పెరట్లో ఎండుతున్నాయి. మా పురుగులేమో నాలుగో జ్వరం, అంటే పొర విడిచే ఆఖరి నిద్ర, లేచి ఆకు మీద ఆకు నములుతున్నాయి. ఇంకెన్నో రోజుల్లేవు. చంద్రికలు తెచ్చుకోమంటే వీడు కదలడు.

"ఆయన గడప తొక్కను. పెద్దపంజాణిలో బాడిగకు తెస్తా."

"మన చంద్రికలు గోడవతల ఉంటే బాడిగ చంద్రికలా? ఆ ఖర్చు నా కొంపలో జరగదు."

నేనే పోయి తెచ్చి ఉంటే అంతటితో తీరేది. పోలేదు. ఈసారి నేను పోతే ఇక జన్మంతా ఆ ఇంటికీ ఈ ఇంటికీ నేనే తిరగాలి. ఆ పంట మీద మాకు ఎంత ఆశ ఉందో వాడికి తెలుసు. ఆ ఏడు వానల్లేక చేలో చెనిక్కాయ పోయింది. ఇంటికి మిగిలింది ఈ పురుగులే. వాడే పోతాడులే అని కూర్చున్నాను. వాడు ఇంకా ఒక రోజు ఉందిలే అని కూర్చున్నాడు.

ఉక్కపోతకు పురుగులు ముందే పండాయి. అదీ ఓట్లు లెక్కపెట్టడం మొదలైన మరుసటి రోజు పొద్దున్నే. ఆకు మాని, తలలెత్తి, ఒళ్లంతా పసుపు తిరిగి కాలువల్లా తట్టల అంచులకు పాకుతున్నాయి. అప్పటికప్పుడు ఏరి చంద్రికకు ఎక్కించకపోతే తట్టలోనే పెంటకు పట్టు అల్లి పాడు చేస్తాయి. నేను, కొడుకు, కోడలు ఏరుతున్నాం గానీ వేసేదానికి చంద్రికలేవీ?

అప్పుడే పలకల మోత మొదలైంది. మరిది పార్టీ గెలిచిందని టీవీలో చెప్పారంట. ఊరేగింపు మా వీధిలోకే తిరిగింది. ముందర మా మరిది, టపాకాయల సరం మెళ్లో మాలలాగా వేసుకుని వస్తున్నాడు. నా కొడుకు పురుగులింటి వాకిట్లో కట్టె పట్టుకుని నిలబడ్డాడు. ఒక్క సరం అంటిస్తే చాలు, మా పంట అయిపోయినట్లే.

నేను పండిన పురుగు ఒకటి అరచేతిలో పెట్టుకుని వీధిలోకి పోయాను. చెయ్యి ఎత్తి ఎండకు చూపించాను. అద్దంలా మెరుస్తోంది పురుగు.

మా మరిది చూశాడు. చెయ్యెత్తాడు.

"ఆపండప్పా మేళం! ఈడ పురుగులు పండుతాండాయి. బీడీలు పారెయ్యండి!"

"అదేంది మామా, గెలిచినాంక కూడా గమ్మునుండాల్నా?" అన్నాడెవడో.

"నీ ఇంట్లో లేవా పురుగులు? నడు, గుట్ట కాడికి. ఆడ కాల్చుకుందాం."

చెప్పులు కూడా చప్పుడు కాకుండా, పలకలు చంకలో పెట్టుకుని అందరూ ఒకరి వెనక ఒకరు మా ఇంటి ముందర నుంచి నడిచిపోయారు. గెలిచినవాళ్లు అంత నిదానంగా పోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. తారు రోడ్డు అవతల గుట్ట దగ్గర, గాలి మా వైపు లేని చోట, టపాకాయలు పేలడం వినబడింది. మా మరిది మాత్రం పోలేదు. ఇంటికి పోయి సీకాయతో తలకు పోసుకుని, తడి పంచెతో, నెత్తిన చంద్రికలు పెట్టుకుని, పెండ్లాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వచ్చి గడప బయట నిలబడ్డాడు.

"వొదినా, లోపలికి రావచ్చునో లేదో నీ కొడుకును అడుగు."

నా కొడుకు తట్టలోనుంచి తల ఎత్తలేదు. "అమ్మా, కాళ్లు కడుక్కున్యాడేమో అడుగు."

"తలకే పోసుకున్యా, కాళ్లు మిగుల్తాయా అని చెప్పు వొదినా."

"నేనేమన్నా మీ ఎలక్షన్ మైకునా?" అని ఇద్దరినీ కసిరాను. "నోర్లు మూసుకుని ఏరండి. నోర్లు ఉంటే మీరే మాట్లాడుకోండి."

ఎండ నడినెత్తికి వచ్చేదాకా అందరూ ఏరుతూనే ఉన్నారు. చంద్రిక నిండితే మరిది ఎత్తుతాడు, వీడు అటు అంచు పట్టుకుంటాడు, ఇద్దరూ మోసి నీడలో గోడకు చేరేస్తారు. చేతులకు పాత అలవాటు ఉంది కదా, అవి అలగలేదు. ఒక చంద్రిక ఒరిగి పడబోయింది. "సిన్నాయనా, పట్టుకో, నీ పక్క!" అని కేకేశాడు నా కొడుకు. మా మరిది పట్టుకున్నాడు. పట్టుకుని, "గట్టిగానే పట్టుకున్యాలే, నీ పార్టీ మాదిరి కాదు" అన్నాడు. నా తోడికోడలు పైట నోటికి అడ్డం పెట్టుకుంది. నా కొడుక్కు నవ్వు ఆగలేదు.

ఆ గూళ్లను మదనపల్లె మార్కెట్టుకు ఇద్దరూ కలిసే టెంపోలో తీసుకుపోయారు. పోయేటప్పుడూ వాదించుకున్నారు, వచ్చేటప్పుడూ వాదించుకున్నారంట. డ్రైవర్ నాతో చెప్పి మొత్తుకున్నాడు. నాకు కడుపు నిండినట్లయింది. వాదించుకుంటే ఇల్లు నిలుస్తుంది. ఉలుకూ పలుకూ లేనప్పుడే నాకు భయం.

ఢిల్లీలో ఎవరు కూర్చున్నా మా చేలో వాన పడేటప్పుడే పడింది. అయినా ఓటు వేయడం నేను మానలేదు. మంచి జరుగుతుందని ఆశ లేకపోతే, అంత పొద్దున్నే చీర కట్టుకుని స్కూలు ముందర వరసలో ఎందుకు నిలబడతాను?

ఆ తర్వాత ఇంకో పెద్ద ఎలక్షన్ వచ్చింది. ఈసారి నా కొడుకు వాళ్లు గెలిచారు. వాడు సరం చేతిలో పట్టుకుని, ముందు గోడ దగ్గరకు పోయాడు.

"సిన్నాయనా, నీ పురుగులు యాడికొచ్చినాయి?"

"మొన్ననే గూడు కట్టేసినాయి" అన్నాడు లోపలినుంచి మా మరిది. "నాకే ఇంకా కడుపు మంట తగ్గలా. గుట్ట కాడికే పో."

వాడు గుట్ట దగ్గరకే పోయాడు. మా మరిది వచ్చి మా అరుగు మీద కూర్చుని, నేనిచ్చిన మజ్జిగ తాగుతూ ఆ చప్పుడు ఆఖరిదాకా విన్నాడు.

"విన్యావా వొదినా, ఆ పొద్దు మావే బాగా పేలినాయి."

"నువ్వు ఆ పొద్దు మా ఇంట్లో పురుగులు ఏరుతాంటివి. నీకెట్ల తెలుసు?"

గ్లాసు కింద పెట్టి, "ఏరుతా ఏరుతానే విన్యా" అన్నాడు.