యాదగిరన్న కలిపిన మెరూన్

మెరూన్ అంటే మెరూనే కదా అని ఒకప్పుడు నేను గట్టిగా నమ్మాను. ఈ మాట ఏ బ్యాంకు ఉద్యోగో అంటే క్షమించవచ్చు. నేను రెజిమెంటల్ బజార్‌లో మ్యాచింగ్ సెంటర్ నడుపుతున్నాను. చీరకు జాకెట్టు గుడ్డ, లైనింగు, ఫాలు రంగు కలపడమే నా బతుకుతెరువు. మా అరల్లో ఒక్క ఎరుపుకే రెండు వరసలు. అయినా నమ్మాను. మ్యాచింగ్ నా వృత్తి, మిస్‌మ్యాచింగ్ నా ప్రవృత్తి అని మా అక్క ఊరికే అనదు. మొన్న పొద్దున దుకాణం తాళం తీస్తుంటే పక్క సందులో ఎవరో బండికి స్ప్రే కొడుతున్నారు. థిన్నర్ వాసన తగలగానే పదకొండేళ్ల నాటి చిరాకు, రంగు వెలవకుండా, అలాగే తిరిగొచ్చింది. దాని వెనకాలే యాదగిరన్న కూడా వచ్చాడు.

మా బావ యాప్రాల్‌లో ఉంటాడు. అక్క పెళ్లయిన కొత్తలో నేను ఆయన కెమెరా పోగొట్టినందుకు నాతో నాలుగేళ్లు మాట్లాడలేదు. ఆ నాలుగేళ్లూ మధ్యలో నలిగింది అక్క. ఎలాగో ఇద్దరినీ కలిపింది. తర్వాత కొన్నాళ్లకు బావ ఆఫీసు ట్రైనింగ్‌కని పన్నెండు రోజులు ఊరెళ్తూ, తొమ్మిదేళ్లుగా గీత పడకుండా కాపాడుకున్న తన మెరూన్ మోటారు సైకిల్ తాళం నా చేతిలో పెట్టాడు. పెట్టించింది కూడా అక్కే.

"రోజుకొక్కసారి స్టార్ట్ చెయ్యి. నడపకు. నడిపినా ట్రాఫిక్‌ల నడపకు," అన్నాడు.

రెండో రోజే దుకాణం ముందున్న ఇనుప కడ్డీకి బండి రాసుకుంది. పెట్రోల్ ట్యాంకు మీద జానెడు గీత. నాకు కనిపించింది గీత కాదు, ఇంకో నాలుగేళ్లు.

షోరూముకు పరుగెత్తాను. "పెయింట్ విడిగా రాదు సార్. ట్యాంకే మార్చాలె, స్టిక్కర్లతో సెట్టు మొత్తం," అన్నాడు కౌంటర్ దగ్గరి కుర్రాడు. ధర విని నేను కూర్చోవడానికి కుర్చీ అడిగాను. పైగా సెట్టు రావడానికి నెల పడుతుందట. బావ రావడానికి పది రోజులు.

అప్పుడు వెళ్లాను మా వెనక సందులో బండ్లకు రంగులు వేసే యాదగిరన్న షెడ్డుకు. అరవై దాటిన బక్కపలచని మనిషి, ముక్కుకు చేతిరుమాలు. గీతను చూడలేదు, ఆకాశాన్ని చూశాడు.

"ఇయ్యాల మబ్బుంది తమ్మీ. రేపు పది గంటలకు రా."

"గీత ఈడుందన్నా, మబ్బుల లేదు."

"మబ్బుల రంగు అబద్ధం చెప్తది."

"రంగుల సంగతి నాకు చెప్పకన్నా. నా పనే అది," అన్నాను. జీవితంలో నేను వెనక్కి తీసుకోవాలనుకునే మాటల్లో ఇది మొదటి వరసలో ఉంటుంది.

"అచ్ఛా! మ్యాచింగ్ సేట్‌వా?" రుమాలు కిందికి లాగి నవ్వాడు. "గట్లనే కానీ. ఏం కొట్టమంటవో నువ్వే చెప్పు."

సీటు కింద రాసి ఉన్న రంగు నంబరు పట్టుకుని ఊరంతా తిరిగి డబ్బా కొనుక్కొచ్చాను. నాకు కావలసింది గ్లాసెడు, వాళ్లు అమ్మేది లీటరు. యాదగిరన్న కొట్టాడు. ఆరాక చూస్తే ఆ పక్క కొత్త పెళ్లికొడుకులా ఉంది, మిగతా బండి పెళ్లిలో మూడు బంతులు వడ్డించి అలసినవాడిలా ఉంది.

"కంపెనీ రంగే తమ్మీ, తప్పు లేదు. బండే కంపెనీల లేదు. తొమ్మిదేండ్లు యాప్రాల్ ఎండల ఉన్నది."

సరే, ఎండకు వెలిసిన రంగుకే కలుపుదామని తెలివిగా బండి సైడ్ కవర్ ఊడదీసి తెచ్చాను. ఆయన దాన్ని తిప్పి లోపలివైపు చూశాడు. ఏదో అనబోయి, ఊరుకుని, రంగు కలిపాడు. ఈసారి ట్యాంకు గోధుమ రంగుకు తిరిగింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. యాదగిరన్న ఆ కవర్ లోపలి అంచు చూపించాడు. అక్కడ నీలం! ఎవరిదో నీలం బండి కవర్‌కు మెరూన్ పూశారు. స్టేషన్ పార్కింగ్‌లో అసలు కవర్ పోతే బావ పాతసామాన్ల కొట్లో కొన్నానని ఎప్పుడో చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్లుగా ఆ కవర్ రంగు కలవలేదని బావకూ తెలియలేదు, రంగులమ్ముకునే నాకూ తెలియలేదు.

"ముందే చూసినవ్ గదన్నా! ఎందుకు చెప్పలే?"

"రంగుల సంగతి చెప్పొద్దంటివి గద."

ఇక ఆయన ఇష్టం. ట్యాంకుకు గీత పడని రెండో పక్క రుద్ది తుడిచి, దాన్నే నమూనా చేసుకున్నాడు. పొద్దున పదింటికి నడిసందులో, ట్యాంకు బండి మీద ఎలా ఉంటుందో అలాగే నిలబెట్టేవాడు. పడుకోబెడితే ఆ మెరుపు రంగు మాట మారుస్తుందట. అగ్గిపుల్లతో ఒక చుక్క నలుపు కలిపి, రేకు ముక్క మీద కొట్టి, ఆరబెట్టి, పక్కన పెట్టి చూసేవాడు.

"ఇప్పుడు?"

"కలిసిందన్నా."

"వంగి చూడు."

వంగితే కలవలేదు. మళ్లీ చుక్క. ఇలా నాలుగు రోజులు. నా దుకాణం మూతపడింది, నా నోరు తెరుచుకుంది.

"ఎల్లుండి బావొస్తడు! గంత వంగి ఎవడు చూస్తడన్నా?"

"ఎవ్వడు చూడొద్దనే గదా నా తక్లీఫ్. నా పని మంచిగుంటే నేను లేనట్టే, తమ్మీ." అగ్గిపుల్ల రుమాలుకు తుడుచుకుని అన్నాడు, "పరేషాన్ గాకు. అంత తొందరుంటే మీ బావకు నిజం చెప్పు. దానికి థిన్నర్ సుత అక్కర్లే."

చెప్పలేదు. చెప్పే ధైర్యం ఏ రంగులో ఉంటుందో నాకు తెలియదు. మర్నాడు వంగి చూసినా రంగు కలిసింది, యాదగిరన్న ట్యాంకుకు కొట్టాడు. బావ వచ్చాడు, బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "పర్వాలేదు బామ్మర్దీ," అన్నాడు. గుమ్మంలో అక్క ముఖం తేటపడింది.

ఆ తర్వాత మా దుకాణంలో ట్యూబులైటు కింద రంగు కలపడం మానేశాను. చీరనూ గుడ్డనూ రోడ్డు మీదికి తెచ్చి, భుజం మీద వేయించి చూపిస్తాను. పరచిన రంగు వేరు, నిలబడ్డ రంగు వేరు. "రూపాయి ఫాలుకు ఇంత నాటకమా!" అని విసుక్కునేవాళ్లు విసుక్కుంటారు. వాళ్ల విసుగు నాకు బాగా తెలిసిన విసుగే. యాదగిరన్న నిరుడు పోయాడు. ఆ షెడ్డులో ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఆయన పని చూపించమంటే చూపించడానికి బజార్‌లో ఏమీ లేదు. బాగా చేశాడు మరి.

ఆ బండి మాత్రం ఇప్పటికీ బావ వాకిట్లో ఉంది. ఇంటికి ఎవరొచ్చినా దాని దర్శనం తప్పదు. పోయిన ఆదివారం ఆఫీసు మిత్రులు భోజనానికొచ్చారు. నేనూ ఉన్నాను. బావ షురూ చేశాడు.

"ఇరవై ఏండ్ల బండి. కంపెనీ పెయింటంటే గిది! మన బజార్ పెయింటర్లు ఏడు జన్మలెత్తినా గిట్ల కొట్టలేరు."

పదకొండేళ్లుగా ఈ మాటను అన్నంలో కలుపుకుని మింగుతున్నాను. ఆ రోజు గొంతు దిగలేదు.

"బావా, ట్యాంకు ఒక పక్క కొట్టింది రెజిమెంటల్ బజార్ యాదగిరన్న. నువ్వు ట్రైనింగ్‌కు పోయినప్పుడు. గీసింది నేనే."

అందరూ తినడం ఆపారు. వంటింటి గుమ్మంలో అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భయమో నవ్వో తెలియలేదు. బావ ముఖంలో మెరూన్ దాకా అన్ని రంగులూ వరసగా కనిపించాయి. ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోకుండా వాకిట్లోకి నడిచాడు. నిలబడి చూశాడు, వంగి చూశాడు, ఫోన్ లైటు వేసి చూశాడు.

"ఏ పక్కరా?"

"నీకు తెల్వదా బావా? కంపెనీ రంగు గుర్తుపడ్తవ్ గద," అని ఇంకో గరిటె పప్పు వేసుకున్నాను.

ఈ పొద్దున ఫోన్ చేశాడు. "కుడి పక్కనే గదా?" అన్నాడు. మంచిగ చూడమని పెట్టేశాను. ఈసారి నాలుగేళ్లు కాదు, నాలుగు రోజులు కూడా నాతో మాట్లాడకుండా ఉండలేడు. ఏ పక్కో తెలిసినవాడిని నేనొక్కడినే.